పిల్లల కథలు ఆన్‌లైన్‌లో ఉచితంగా: ఎక్కడ వెతకాలి, ఎలా దింపుకోవాలి

నత్తగుల్ల
నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలకి ఆన్‌లైన్‌లో ఉచితంగా చదివించే కథలు కావాలి. తెలుగు ముఖ్యం, ఇంగ్లీషు కూడా ఉంటే మంచిదే. గూగుల్లో "పిల్లల కథలు" అని కొడితే ప్రకటనల మధ్య ఇరుక్కున్న నీతికథలే ఎక్కువ వస్తాయి. అదే సింహం, అదే కుందేలు, పది సైట్లలో అవే అక్షరదోషాలు. అందుకని మూడు షరతులు: బొమ్మలుండాలి, నెట్ లేకపోయినా తెరుచుకోవాలి, చట్టప్రకారం ఉచితమై ఉండాలి. సైటు పేరు చెప్పి వదిలేయకుండా, అందులో ఎలా వెతకాలో కూడా రాస్తే అందరికీ పనికొస్తుంది.

పుటలపురుగు
మీ మూడు షరతులకీ సరిపోయేది ముందుగా స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టారు. తెలుగుతో సహా చాలా భాషలున్నాయి. చదవడానికి ఖాతా అక్కర్లేదు, దింపుకోవాలంటే మాత్రం లాగిన్ అడుగుతుంది. ఈమెయిల్ ఉంటే చాలు.

వెతికేటప్పుడు సెర్చ్ పెట్టెలో ఏమీ కొట్టకండి. ముందు భాష దగ్గర తెలుగు ఎంచుకుని, తర్వాత లెవెల్ ఎంచుకోండి. ఒకటో లెవెల్ కథ 250 పదాల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. దాని పక్కన ప్రచురణకర్త అనే ఫిల్టరు ఉంటుంది. చాలామంది దాని జోలికే వెళ్ళరు గానీ అసలు పనిచేసేది అదే. ఈ సైట్లో ఎవరైనా కథ రాయొచ్చు, ఎవరైనా అనువదించొచ్చు. అందువల్ల ఒకే బొమ్మల పుస్తకానికి ఒకటికి మించి తెలుగు అనువాదాలు కనబడవచ్చు. ప్రథమ్ బుక్స్ పేరుతో ఉన్నవి ఎడిటర్ల చేతిమీదుగా వచ్చినవి. కమ్యూనిటీ అని ఉన్నవాటిలో మంచివీ ఉంటాయి, మొదటి పేజీకే మూసేయాల్సినవీ ఉంటాయి. తొందరలో ఉన్నప్పుడు ప్రచురణకర్తల పేర్లు మాత్రమే టిక్ చేసుకోవడం మేలు.

దింపేటప్పుడు పీడీఎఫ్ తక్కువ రిజల్యూషన్, ఎక్కువ రిజల్యూషన్, ఈపబ్ (తెరకి తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈ-పుస్తకం ఫైలు) అని అడుగుతుంది. ఫోన్లో, ట్యాబ్‌లో చదవడానికి తక్కువ రిజల్యూషన్ చాలు. ప్రింటు తీయాలంటే ఎక్కువదే తీసుకోండి, తక్కువ దాన్ని కాగితం మీద వేస్తే బొమ్మల అంచులు అలుక్కుపోతాయి.

తాటాకు
పుటలపురుగు గారు చెప్పిన లెవెళ్ళు పదాల లెక్కమీద, వాక్యాల పొడవుమీద ఆధారపడ్డవి. తెలుగు చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి ఆ లెక్క సగమే సరిపోతుంది. మన లిపిలో కష్టం పదాల సంఖ్యలో ఉండదు, వత్తుల్లో ఉంటుంది.

కథ ఎంచుకునేముందు మధ్యలోంచి రెండు పేజీలు తెరిచి ఇలా చూడండి. గుణింతాలు మాత్రమే వస్తున్నాయా? "పాప, మేక, చెరువు, గొడుగు" లాంటివి. ద్విత్వాలు వస్తున్నాయా? "కుక్క, పిల్లి, చెట్టు, అమ్మ". సంయుక్తాక్షరాలు వస్తున్నాయా? "పుస్తకం, సూర్యుడు, ఆశ్చర్యం". మూడు హల్లులు ఒకే చోట కలిసే "రాష్ట్రం, స్వాతంత్ర్యం" లాంటివి కూడా ఉన్నాయా? 500 పదాల కథ మొత్తం గుణింతాలతో, ద్విత్వాలతో నడిస్తే ఒకటో తరగతి పిల్లలు కూడా దాటేస్తారు. అదే 120 పదాల కథలో పేజీకి నాలుగు సంయుక్తాక్షరాలుంటే అక్కడే ఆగిపోతారు. అంతరిక్షం, ఆరోగ్యం, పర్యావరణం గురించిన ఒకటో లెవెల్ పుస్తకాల్లో ఇది బాగా కనిపిస్తుంది. బొమ్మలు చిన్నపిల్లలవి, పదాలు పెద్దవాళ్ళవి.

చదివి వినిపించడానికైతే ఈ లెక్క ఏదీ అక్కర్లేదు. వినే స్థాయి చదివే స్థాయి కంటే ఎప్పుడూ ముందుంటుంది కాబట్టి రెండు లెవెళ్ళు పైకి వెళ్ళొచ్చు. పిల్లలు తమంతట తాము చదివేవి ఒక ఫోల్డరులో, మనం చదివి పెట్టేవి ఇంకో ఫోల్డరులో వేసుకుంటే గందరగోళం ఉండదు.

అనువాదం బాగుందో లేదో తేల్చడానికి ఒక్క పేజీ పైకి చదివితే సరి. "వెళ్ళుచుండెను", "చెప్పబడినది" లాంటివి నాలుగేళ్ళ పిల్లల పుస్తకంలో కనబడితే ఇంకేం చూడక్కర్లేదు.

గవాక్షం
స్టోరీవీవర్ తర్వాత చూడాల్సినవి క్లుప్తంగా రాస్తున్నా.

ఎస్ఐఎల్ సంస్థ నడిపే బ్లూమ్ లైబ్రరీలో చాలా చిన్న భాషల పుస్తకాలు కూడా ఉంటాయి. కొన్నిటికి ఆడియో ఉంటుంది, చదువుతుంటే వాక్యం వెలుగుతుంది. ఆండ్రాయిడ్‌లో బ్లూమ్ రీడర్ అనే యాప్ వేసుకుంటే దింపిన పుస్తకాలు నెట్ లేకుండా తెరుచుకుంటాయి. ఆసియా ఫౌండేషన్ వాళ్ళ లెట్స్ రీడ్‌లో ఆసియా దేశాల బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి, దానికీ యాప్ ఉంది. ఆఫ్రికన్ స్టోరీబుక్‌లో చిన్న చిన్న కథలు, సరళమైన ఇంగ్లీషు. ఇంగ్లీషు కొత్తగా చదివేవాళ్ళకి ఇవి బాగా నప్పుతాయి, ఎందుకంటే రెండో భాషగా ఇంగ్లీషు చదివే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి చాలా ఉన్నాయి.

బొమ్మల నాణ్యత చూస్తే నా ఓటు దక్షిణాఫ్రికా వాళ్ళ బుక్ డాష్‌కి. రచయిత, చిత్రకారుడు, డిజైనర్, ఎడిటర్ ఒక జట్టుగా కూర్చుని 12 గంటల్లో ఒక పుస్తకం పూర్తి చేస్తారు. హడావిడిగా చేసినట్టు ఎక్కడా కనిపించదు. వాక్యాలు పొట్టివి, పేజీకి ఒకటో రెండో.

స్టోరీవీవర్, బుక్ డాష్ పుస్తకాలు క్రియేటివ్ కామన్స్ బై లైసెన్సుతో వస్తాయి. అంటే పేర్లు ఉంచితే చాలు, దింపుకోవచ్చు, ప్రింటు తీయొచ్చు, పంచొచ్చు, అనువదించొచ్చు. బ్లూమ్‌లో మాత్రం పుస్తకానికో లైసెన్సు. కొన్నిటికి "వ్యాపారానికి వాడరాదు", కొన్నిటికి "మార్పులు చేయరాదు" అని ఉంటుంది. పుస్తకం వివరాల పేజీలో అడుగున రాసి ఉంటుంది, దింపేముందు చూడండి.

నత్తగుల్ల
చాలా బాగుంది, ధన్యవాదాలు. ఇంకో రెండు ప్రశ్నలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు బాలసాహిత్యం బోలెడుందంటారు, వెతికితే ఏమీ రావడం లేదు. పైగా పాత పోస్టుల్లో ఇచ్చిన లింకులు తెరిస్తే కొన్ని "అందుబాటులో లేదు" అంటున్నాయి. కారణం ఏమిటి?

పాతఅటక
రెండిటికీ వేర్వేరు కారణాలు.

వెతికితే రాకపోవడం సంగతి ముందు. అక్కడున్న పాత తెలుగు పుస్తకాల్లో పెద్ద భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు. వాటి పేర్లు తెలుగు లిపిలో లేవు, ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. అదీ ఒక పద్ధతిలో కాదు. "కథలు" అన్న మాటకి ఒకరు టీ-హెచ్ వాడారు, ఇంకొకరు డీ-హెచ్ వాడారు. "బాల" అన్నదానికి ఒక ఏ పెట్టినవాళ్ళున్నారు, రెండు పెట్టినవాళ్ళున్నారు. మాటల మధ్య ఖాళీ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. రచయిత ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా అంతే. కాబట్టి తెలుగు లిపిలో కొడితే వీటిలో ఏదీ తగలదు.

పుస్తకం లోపలి మాటలతో వెతకొచ్చు కదా అనిపిస్తుంది. ఆ స్కాన్లు ఎక్కించిన రోజుల్లో అక్కడి ఓసీఆర్‌కి, అంటే ఫొటోలోని అక్షరాల్ని గుర్తించి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి, తెలుగు చదవడం రాదు. చాలా పుస్తకాల వివరాల్లో ఓసీఆర్ దగ్గర "ఈ భాషను ప్రస్తుతం గుర్తించలేం" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. అలాంటి పుస్తకంలో పేజీలన్నీ ఉత్త ఫొటోలే. లోపలి పాఠంలో వెతుకులాట వాటికి పనిచేయదు.

నేను సూచించే దారి:

ఒకటి, సెర్చ్‌లో మొత్తం పేరు కాకుండా పేరులో ఒకే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఒక్కో వర్ణక్రమంతో విడివిడిగా వెతకండి.

రెండు, ఎడమవైపు ఫిల్టర్లలో టెక్స్ట్స్ ఎంచుకుని, భాష దగ్గర తెలుగు టిక్ పెట్టండి. అక్కడ "తెలుగు" అని పూర్తి పేరుతో ఒకటి, మూడక్షరాల కోడ్‌తో ఇంకోటి కనిపిస్తే రెండూ టిక్ పెట్టాలి, లేకపోతే సగం పుస్తకాలు బయటే ఉండిపోతాయి.

మూడు, సంవత్సరం ఫిల్టరుని నమ్మకండి. ఆ స్కాన్ల వివరాల్లో ప్రచురణ సంవత్సరం తప్పుగా పడ్డవి చాలా ఉన్నాయి. పుస్తకం తెరిచి లోపలి ముఖపత్రం మీద ఉన్నదే లెక్క.

నాలుగు, ఒక మంచి పుస్తకం దొరికితే దాని ప్రచురణసంస్థ పేరు, రచయిత పేరు ఆ వివరాల్లో ఎలా రాశారో అలాగే కాపీ చేసి మళ్ళీ వెతకండి. ఒకే చేత్తో ఎక్కించినవన్నీ గుత్తిగా బయటపడతాయి.

ఇక తెరుచుకోని లింకులు. ఆర్కైవ్‌లో రెండు రకాల పుస్తకాలుంటాయి. ఎప్పుడూ అందుబాటులో ఉండేవి ఒక రకం, గ్రంథాలయంలోలాగా గంటకో 14 రోజులకో అరువిచ్చేవి ఇంకో రకం. అరువు రకం మీద అమెరికాలో ప్రచురణకర్తలు కేసు వేశారు. 2023లో ఆర్కైవ్‌కి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఆ కేసు వల్ల 5 లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి పోయాయి. ఆధునిక ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల లింకులు పాత పోస్టుల్లో చచ్చిపోయి కనిపిస్తే చాలావరకు కారణం ఇదే. అందుకే "అవైలబిలిటీ" ఫిల్టరులో "ఆల్వేస్ అవైలబుల్" పెట్టుకుని వెతకండి.

స్కాన్ పీడీఎఫ్‌లు 50 ఎంబీ, 100 ఎంబీ ఉండటం మామూలే. దింపాలో వద్దో తేల్చుకునేముందు బ్రౌజర్లోనే ఓ పది పేజీలు తిప్పి చూడండి. పేజీలు తారుమారైనవి, సగం నల్లబడినవి తక్కువేం కాదు.

రూళ్ళకర్ర
నత్తగుల్ల గారు చట్టప్రకారం ఉచితం అన్నారు కాబట్టి ఒక మాట. ఆర్కైవ్‌లో ఉన్నంతమాత్రాన అది హక్కులు తీరిన పుస్తకం అయిపోదు. ఎవరైనా ఎక్కించొచ్చు, ఎవరూ అడగకపోతే అలాగే ఉంటుంది.

భారతదేశంలో లెక్క ఇది: రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి 60 ఏళ్ళు. 1964లో పోయిన రచయిత రచనలకి 2024 డిసెంబరు 31తో హక్కు తీరింది, 2025 జనవరి 1 నుంచి అందరివీ. ఆ రచయిత ఫలానా పుస్తకం 1920లో రాశారా 1960లో రాశారా అన్నదానితో పనిలేదు. రచయిత పేరు లేకుండా వచ్చినవాటికి ప్రచురించిన మరుసటి సంవత్సరం నుంచి 60 లెక్కపెడతారు. చాలా దేశాల్లో ఇది 70 ఏళ్ళు. అమెరికాలో పాత పుస్తకాలకి ప్రచురణ తేదీ నుంచి 95 ఏళ్ళు.

పిల్లల పుస్తకాల్లో అసలు తిరకాసు బొమ్మల దగ్గర. కథ రాసినవారి హక్కు వేరు, బొమ్మ వేసినవారి హక్కు వేరు, అనువాదకుల హక్కు ఇంకోటి. ఈసపు కథ వేల ఏళ్ళనాటిదే, దానికి 1980లో ఒకరు చేసిన తెలుగు అనువాదం మాత్రం అలా కాదు. పాత పత్రికల సంచికలకి కూడా ఇదే వర్తిస్తుంది. చందమామ 1947 జూలైలో మొదలైంది కదా, మొదటి సంచికలైనా ఉచితం అయిపోయి ఉంటాయి అనుకుంటారు. సంచిక వయసు చూసి తేల్చలేం, ఒక్కో కథకి, ఒక్కో బొమ్మకి విడిగా చూడాలి.

ఇంట్లో పిల్లవాడికి తెర మీద చదివి వినిపించినందుకు ఎవరూ ఏమీ అనరు. ప్రింటు తీసి బడిలో పంచాలన్నా, మీ సైట్లో పెట్టాలన్నా మాత్రం క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉన్నవాటికే పరిమితం అవ్వండి.

పాతఅటక
రూళ్ళకర్ర గారితో ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. స్కాన్లు లేకపోతే కొన్ని పాత బాలల పుస్తకాలు ఈపాటికి ఎక్కడా మిగిలేవి కావు. ముద్రణ ఆగిపోయి, ప్రచురణకర్త కూడా లేనప్పుడు ఎవరిని అనుమతి అడగాలి?

రూళ్ళకర్ర
ఆ ప్రశ్న న్యాయమైనదే అండీ. చట్టంలో దానికి సులువైన దారి లేదు. చదవడం, పంచడం వేర్వేరు అని మాత్రమే నేనన్నది.

ఆరుద్రపురుగు
హక్కుల గొడవ లేని పాత తెలుగు కావాలంటే తెలుగు వికీసోర్స్‌కి వెళ్ళండి. అక్కడ చేరేవి హక్కులు తీరినవి, లేదా స్వేచ్ఛా లైసెన్సుతో రచయితలు ఇచ్చినవి. స్కాన్ పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది కాబట్టి అక్షరాలు పెంచుకోవచ్చు, వెతకొచ్చు, ఫోన్ చేత చదివించొచ్చు.

పుస్తకం తెరిచేముందు దాని సూచిక పేజీ చూడండి. పేజీ నంబర్లు రంగుల్లో ఉంటాయి. ఎరుపు అంటే ఇంకా దిద్దలేదు, ఓసీఆర్ తప్పులు అలాగే ఉంటాయి. పసుపు అంటే ఒకరు దిద్దారు. ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా సరిచూశారు. బూడిదరంగు ఖాళీ పేజీ. పిల్లలకి ఇచ్చేది పసుపు, ఆకుపచ్చ ఉన్నదే అయ్యుండాలి. ఎరుపు పేజీలో "ప" "వ" అయిపోతుంది, "మ" "వు" అయిపోతుంది, వత్తు కింది వరుసలోకి జారిపోతుంది. చదవడం నేర్చుకునేవాళ్ళకి అది తప్పని తెలియదు.

పుస్తకం పేజీలో దింపుకోలు లింకు నొక్కితే ఈపబ్, పీడీఎఫ్ వస్తాయి. భాష పాతది, చాలావరకు గ్రాంథికం. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి నేరుగా ఇవ్వలేం, పెద్దవాళ్ళు చదివి సొంత మాటల్లో చెప్పాలి. బొమ్మలు కూడా తక్కువే.

వాడుకభాష కావాలంటే కొత్తపల్లి పిల్లల పత్రిక వెబ్‌సైటు చూడండి. కథలు యూనికోడ్‌లో (ఏ పరికరమైనా తెలుగుగానే గుర్తించే కోడ్‌లో) ఉన్నాయి, చాలావాటికి బొమ్మలు కూడా. పిల్లలే రాసిన కథలు ఉండటం దాని ప్రత్యేకత. వాక్యం మన ఇళ్ళల్లో మాట్లాడినట్టే నడుస్తుంది.

బొంగరం
దింపిన ఈపబ్ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. ఇంకో యాప్‌లో తెరిస్తే అక్షరాలు వస్తున్నాయి గానీ వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఒక పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే ఇంగ్లీషు చెత్త అతుక్కుంటోంది. ఫైళ్ళు పాడైపోయాయా?

గవాక్షం
ఫైళ్ళు బాగానే ఉన్నాయి. మూడూ మూడు జబ్బులు.

డబ్బాలు వస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదు. యాప్ సెట్టింగుల్లో సొంత ఫాంటు పెట్టుకునే వీలుంటే నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి గానీ, రామభద్ర గానీ దింపి పెట్టండి. మూడూ ఉచితమే. పిల్లలకి మండలి బాగుంటుంది, వత్తులు స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి. రామభద్ర శీర్షికలకి బాగుంటుంది గానీ పేజీ నిండా ఉంటే బరువనిపిస్తుంది.

వత్తులు విడిపోతే ఫాంటుతో సంబంధం లేదు. ఆ యాప్‌కి తెలుగు అక్షరాలు కలపడం రాదు. క + ్ + క అని మూడు ముక్కలుగా వచ్చిన దాన్ని "క్క" అని ఒకటిగా గీయాలి, పాత ఈ-రీడర్లలో ఆ పని జరగదు. ఫాంటు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు, యాప్ మార్చాలి. ఫోన్లో గూగుల్ ప్లే బుక్స్‌లోకి ఈపబ్ ఎక్కించి చూడండి. యాప్ మార్చే వీలు లేని పరికరమైతే ఈపబ్ వదిలేసి పీడీఎఫ్ దింపుకోండి. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారం ముందే గీసి ఉంటుంది, ఏ పరికరంలో అయినా ఒకేలా వస్తుంది. దాని లోపం ఏమిటంటే చిన్న తెరమీద అక్షరాలు పెంచలేం, పేజీ మొత్తం జరపాల్సి వస్తుంది.

కాపీ చేస్తే చెత్త రావడం అను ఫాంట్ల పని. యూనికోడ్ రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, తెలుగు డీటీపీ అంతా అను ఫాంట్లలోనే జరిగింది. అందులో తెలుగు ఆకారం కింద దాచి ఉన్నది ఇంగ్లీషు కోడే. కంటికి తెలుగు, కంప్యూటరుకి గోల. అలాంటి పీడీఎఫ్‌లో వెతకలేం, ఫోన్ చేత చదివించలేం. ఒక పరీక్ష చేయండి: పీడీఎఫ్‌లో ఒక మాటని ఎంచి కాపీ చేసి మెసేజ్ పెట్టెలో అతికించండి. తెలుగే వస్తే యూనికోడ్. గోల వస్తే అను లాంటిది. అసలు మాట ఎంచడానికే రాకపోతే అది స్కాన్ ఫొటో.

పుటలపురుగు
ఆ పరీక్ష ఆడియోకి కూడా పనికొస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ గొంతు తెలుగు చదువుతుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు వాయిస్ డేటా దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వేగం కాస్త తగ్గించండి. సంభాషణలు మాత్రం చప్పగా ఉంటాయి, కథ చెబుతున్నట్టుండదు.

మనుషులు చదివినవి కావాలంటే స్టోరీవీవర్‌లో రీడ్‌అలాంగ్ అన్న విభాగం ఉంది, వినిపిస్తున్న మాట తెరమీద వెలుగుతుంది. ఇంగ్లీషులో అయితే స్టోరీలైన్ ఆన్‌లైన్‌లో నటీనటులు బొమ్మల పుస్తకాలు చదువుతారు, అది అమెరికా నటీనటుల సంఘానికి చెందిన సాగ్-ఆఫ్ట్రా ఫౌండేషన్ వాళ్ళది. లిబ్రివాక్స్ 2005లో మొదలైంది, స్వచ్ఛందంగా చదివినవాళ్ళ గొంతులు, అంతా పబ్లిక్ డొమెయిన్, అంటే ఎవరి హక్కులూ లేనివి. గొంతు మనిషి మనిషికీ మారుతుంది. మొత్తం పుస్తకం దింపేముందు రెండో అధ్యాయం ఒక నిమిషం వినండి. మొదటి అధ్యాయం మొదట్లో పుస్తకం పేరు, లైసెన్సు ప్రకటన ఉంటాయి, వాటితో ఏమీ తేలదు.

ఆరుద్రపురుగు
ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ మాట ఎవరూ ఎత్తలేదు. హక్కులు తీరిన పాత పుస్తకాలు ఉచితంగా ఇచ్చే సైటు అది. 1971 నుంచి ఉన్నది, 70 వేలకు పైగా పుస్తకాలు. పిల్లల పుస్తకాలకి వేరే అర ఉంది. దింపేటప్పుడు "నో ఇమేజెస్" అన్న ఫైలు ముట్టుకోకండి, పేరులోనే ఉంది, బొమ్మలు రావు. ఇంగ్లీషు వందేళ్ళనాటిది కాబట్టి పదేళ్ళ పిల్లలకి కూడా వాక్యాలు పొడుగ్గా అనిపిస్తాయి. ఇతర జాతులవాళ్ళని తక్కువ చేసి మాట్లాడిన చోట్లు కూడా ఆ కాలపు పుస్తకాల్లో తగులుతాయి. పెద్దవాళ్ళు ముందు ఒకసారి తిరగేయడం అవసరం.

రూళ్ళకర్ర
నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ కూడా జాబితాలో ఉండాలి. 3–8, 8–11, 11–14, 14–18 అని వయసు గుంపులున్నాయి. యాప్‌లో చదవాలి, లాగిన్ కావాలి. ప్రింటు తీసి పంచే ఉద్దేశం ఉంటే అది కాదు, చదవడానికైతే బాగుంది.

తాటాకు
జాగ్రత్తల సంగతి. "ఉచిత పిల్లల కథల పీడీఎఫ్" అని వెతికితే వచ్చే సైట్లలో మోసాలు ఎక్కువ. పేజీలో మూడు నాలుగు పెద్ద డౌన్‌లోడ్ బటన్లుంటే అందులో పుస్తకానిది ఒక్కటే, మిగతావి ప్రకటనలు. దిగిన ఫైలు పేరు చివర ఏపీకే అనో ఈఎక్స్ఈ అనో ఉంటే తెరవకుండా తీసేయండి, ఏ కథల పుస్తకమూ ఆ రూపంలో రాదు. "ఉచిత ట్రయల్" అని కార్డు నంబరు అడిగేది ఉచితం కాదు, గడువు దాటాక డబ్బు కట్ అవుతుంది.

పిల్లల చేతికి నేరుగా వెబ్‌సైటు ఇవ్వకండి. దింపిన ఫైళ్ళున్న ఫోల్డరు ఇచ్చి నెట్ ఆపేయండి. వీడియో కథలైతే ఆటోప్లే ఆపాలి, లేకపోతే మూడో వీడియోకి కథ పోయి ఇంకేదో నడుస్తుంటుంది.

బొంగరం
ఇప్పుడు ఏఐ చేత కావాల్సిన కథ రాయించుకోవచ్చు కదా, ఈ వెతుకులాట అంతా ఎందుకు?

తాటాకు
రాయిస్తుంది. బొమ్మలో మాత్రం పేజీ పేజీకీ పాప గౌను రంగు మారుతుంది, కథలో నక్క చివరికి మంచిదైపోయి అందరూ కలిసి ఆడుకుంటారు. ఒకటి రెండు బాగుంటాయి, పదో కథకి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక పాఠం కోసం "రెండు వాక్యాల్లో ద్విత్వాలు మాత్రమే వాడి రాయి" లాంటి కసరత్తులకి పనికొస్తుంది, అదీ వచ్చింది సరిచూసుకుంటేనే. అలా రాసినవి పేరు చెప్పకుండా కథల సైట్లలో కుప్పలు పోస్తున్నారు. రచయిత పేరు, చిత్రకారుడి పేరు లేని సైటుని పక్కనపెట్టడానికి అదొక కారణం.

గవాక్షం
బడికో గ్రంథాలయానికో పెట్టేవాళ్ళకి: కోలిబ్రి అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక కంప్యూటర్లో వేసి, నెట్ ఉన్నచోట స్టోరీవీవర్, ఆఫ్రికన్ స్టోరీబుక్ చానెళ్ళు ఒకసారి దింపుకుంటే చాలు. ఆ తర్వాత నెట్ లేకుండానే అదే వైఫైలో ఉన్న ట్యాబ్‌లన్నీ బ్రౌజర్లోంచి ఆ పుస్తకాలు తెరుస్తాయి. చానెల్ మొత్తం దింపకండి, కావాల్సిన భాష, లెవెల్ మాత్రమే టిక్ పెట్టండి, లేకపోతే డిస్కు నిండిపోతుంది. వికీసోర్స్, గుటెన్‌బర్గ్ అలాగే నెట్ లేకుండా పెట్టుకోవాలంటే కివిక్స్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి.

నత్తగుల్ల
తెర వద్దనుకున్నప్పుడు ప్రింటు తీసి చిన్న పుస్తకంలా చేయాలంటే పేజీల వరస ఎలా పెట్టాలి?

పుటలపురుగు
వరస చేత్తో మార్చక్కర్లేదు. అక్రోబాట్ రీడర్‌లో ప్రింట్ నొక్కి బుక్‌లెట్ ఎంచుకోండి. ఏ4 కాగితం మధ్యకి మడిస్తే ఏ5 పుస్తకం అవుతుంది, ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు. 16 పేజీల కథకి నాలుగు కాగితాలు. పీడీఎఫ్‌లో 14 పేజీలే ఉంటే చివర రెండు ఖాళీగా వస్తాయి, వెనక అట్ట ఖాళీగా ఉండటం నచ్చకపోతే ముందే ఒక బొమ్మ పేజీ చేర్చుకోండి. చివర పేర్లు, లైసెన్సు ఉన్న పేజీని కాగితం మిగులుతుందని తీసేయకండి, పంచడానికి అనుమతి ఇచ్చేది ఆ పేజీయే.

పుస్తకం అడ్డంగా ఉన్నదైతే బుక్‌లెట్ వద్దు. మడిచిన ఏ5లో పైనా కిందా తెల్లగా వదిలేసి బొమ్మ చిన్నదైపోతుంది. అలాంటివాటికి ఒక కాగితం మీద రెండు పేజీలు ఒకదాని కింద ఒకటి వచ్చేట్టు పెట్టి, ఒకవైపే ప్రింటు తీసి, మధ్యకి కత్తిరించి, ఎడమ అంచున పిన్నులు కొట్టండి. ఆ అంచున ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, లేకపోతే మొదటి అక్షరం పిన్ను కిందకి పోతుంది.

రంగు బొమ్మలు రెండువైపులా వేస్తే మామూలు 70 జీఎస్ఎం (కాగితం మందం చెప్పే కొలత) కాగితంలో వెనకవైపు బొమ్మ కనిపిస్తుంది. 100 జీఎస్ఎం తీసుకోండి. మధ్య మడత దగ్గర పిన్ను కొట్టడానికి మామూలు స్టేప్లర్ అందదు. మడత మీద సూదితో మూడు చిల్లులు పెట్టి దారంతో కుట్టండి. నడిమి చిల్లులోంచి మొదలుపెట్టి, పై చిల్లు, కింది చిల్లు దాటి, మళ్ళీ నడిమి దానికే వచ్చి ముడేస్తే సరి.

బొంగరం
బుక్‌లెట్ పెడితే రెండోవైపు తలకిందులుగా పడుతోంది.

పుటలపురుగు
రెండువైపుల ప్రింటు కింద "లాంగ్ ఎడ్జ్" ఉండి ఉంటుంది, "షార్ట్ ఎడ్జ్" పెట్టండి. మీ ప్రింటరుకి రెండువైపులా తీయడం రాకపోతే బుక్‌లెట్ సబ్‌సెట్‌లో ముందు "ఫ్రంట్ సైడ్ ఓన్లీ" తీసి, కాగితాలు తిప్పి పెట్టి "బ్యాక్ సైడ్ ఓన్లీ" తీయాలి. ఎటు తిప్పాలో ప్రింటరు ప్రింటరుకీ మారుతుంది. మొత్తం తీసేముందు ఒకే కాగితం మూలన పెన్సిల్‌తో బాణం గీసి ట్రేలో పెట్టి చూడండి.